లూరీన్ పాటలో నాలుగో చరణం

మూడో చరణం కాగానే హోబర్ట్ చేతిలో ఫిడేలు కమాను ఆగిపోయింది. రోజూ అక్కడే ఆగుతుంది.

"తర్వాతేంటి లూరీన్?"

"అంతే. పాట అయిపోయింది," అంది ఆమె తలెత్తకుండా. వరండాలో కుర్చీలో కూర్చుని పచ్చి బీన్స్ సూదితో దారానికి గుచ్చుతోంది. చూరుకు వేలాడదీస్తే చలికాలానికి ఎండుతాయి.

"కాదే. ఇంకోటుండాలి. నేను కట్టిన పాటేగా?"

"నువ్వు కట్టిందే. మూడే కట్టావు."

నమ్మకం కుదరక, కమానుకు రాసే బంక వెతకడానికి లోపలికి వెళ్ళాడు. నడుస్తుంటే ఫిడేలు కడుపులో నాదం పెరుగుతుందని వాళ్ళ నాన్న వేసిన ఎండు గిలకపాము తోక గలగలమంది. ఆ చప్పుడంటే ఆమెకు ఇప్పటికీ భయం.

మెట్ల మీద కూర్చుని బీన్స్‌కి నార తీస్తున్న ఓపల్ గొంతు తగ్గించింది. వాగవతలి ఇల్లు ఆమెది.

"ఎందుకంత పంతం అక్కా? ఈ లోయలో కోళ్ళక్కూడా వచ్చు ఆ పాట. చెప్పేస్తే పోలా?"

"ఆ నాలుగో చరణంలో లూరీన్ రైలెక్కి వెళ్ళిపోతుంది ఓపల్."

"ఎప్పటి మాట? యాభై మూడేళ్ళయింది."

"మనకు. ఆయనకు నిన్ననే. గుర్తొచ్చిందంటే మళ్ళీ ఈ కుర్చీ వంక చూడడు. నీ కాళ్ళు పట్టుకుంటా, నువ్వు మాత్రం అనకు."

హోబర్ట్ తిరిగొచ్చాడు. బంక దొరకలేదు. ఎందుకు వెళ్ళాడో కూడా మరిచిపోయినట్టున్నాడు. నిలబడే పాడాడు.

"వాగున ఉతికిన పూల గౌనమ్మా, ఉతికిన కొద్దీ వెలిసెనమ్మా, వెలిసిన గౌనే నీ ప్రేమమ్మా..."

ఆగాడు.

"ఓపల్, నీకైనా వచ్చా తర్వాతది?"

బీన్స్ గుచ్చుతున్న ఆమె చేతిలో సూది ఆగింది. ఓపల్ ఆమె ముఖంలోకి చూసింది.

"నేను పాడితే మీ ఆవు పాలివ్వడం మానేస్తుంది బావా. అయినా అంతే పాట. ఇంక లేదు."

హోబర్ట్ మనసు కుదుటపడింది. ఫిడేలు పక్కన పెట్టి, బీన్స్ పసరంటిన ఆమె చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"అయితే మంచిదే. నువ్వెటో వెళ్ళిపోయినట్టు పాడు కలొకటి వస్తోంది లూరీన్."

"ఎక్కడికి పోతాను? ఇక్కడే ఉన్నాగా."

లోయ కింద బొగ్గు రైలు కూసింది. ఆయన తలెత్తి అటు విన్నాడు. ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి. కూత సన్నబడి, కొండ చాటుకు పోయింది. ఆయన మళ్ళీ ఆమె వంక తిరిగి, కొత్త పెళ్ళికొడుకులా నవ్వాడు.

ఓపల్ లేచి ఒడిలోని నార దులుపుకుంది. మెట్లు దిగి, ఆయనకు వినపడనంత దూరం పోయాకే వెనక్కి తిరిగి, ఆమెను సొంత పేరుతో పిలిచింది: "వెళ్ళొస్తా వెర్నా అక్కా."