వెంట్రుకవాసి

ఇంగ్లీషు నానుడుల పుట్టుక గురించి హృషికేశ్‌కు తెలిసినంత ఇంగ్లీషువాళ్లకు కూడా తెలియదు. ఈ మాట అన్నది హృషికేశే.

నాచారం సెలూన్ కుర్చీలో కూర్చున్న రెండో నిమిషానికే ఆ సంగతి మొగిలయ్యకు చెప్పాడు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర మేడమీద ఉన్న స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్ తనదేనని, సగం ఉప్పల్ తన దగ్గరే నోరు తెరవడం నేర్చుకుందని కూడా చెప్పాడు.

నురుగు పూస్తున్న మొగిలయ్య చేయి ఒక్క క్షణం ఆగింది. బ్రష్ పక్కన పెట్టి కత్తి అందుకున్నాడు.

"క్లోజ్ షేవ్ అంటరు గదా సార్. గదెట్ల పుట్టింది?"

హృషికేశ్ హాయిగా కళ్లు మూసుకున్నాడు. వెంట్రుకవాసిలో గండం తప్పితే అలా అంటారన్నాడు. పూర్వం లండన్‌లో రాజుగారికి గడ్డం గీస్తూ గీసేవాడు తుమ్మాడట. కత్తి జారి, పీక బదులు మీసం పోయిందట. రాజు సంతోషించి తుమ్మినవాణ్ని మంత్రిని చేశాడట.

చల్లటి ఇనుము గొంతు మీద ఆనింది. అక్కడే ఆగింది.

"మా బిడ్డ దీప నోట్‌బుక్కుల గూడ గీ రాజే ఉన్నడు సార్," అన్నాడు మొగిలయ్య మెల్లగా. "మీ తాననే నేర్సుకుంది."

మొన్న ఇంటర్వ్యూలో దీప ఆ కథే చెప్పిందట. నలుగురూ పడీపడీ నవ్వారట. జాలిపడి సోమవారం మళ్లీ రమ్మన్నారు గానీ, నోట్‌బుక్కులో ఏది నిజమో తెలియక పిల్ల పోనంటోందట. రెండు రోజులుగా అన్నం ముట్టలేదట.

హృషికేశ్ గుటక వేయబోయి మానేశాడు. వేస్తే గొంతు ముందుకొస్తుంది.

"కదలకున్రి సార్. నాకు గూడ తుమ్ము వస్తున్నట్టుంది. గా రాజు పేరేంది?"

నురుగులోంచి చెమట కారింది.

"రాజు లేడు," అన్నాడు హృషికేశ్ పెదవులు కదపకుండా. "మంత్రీ లేడు. కత్తి చర్మానికి మరీ దగ్గరగా పోతే తెగబోయి ఆగుతుంది కదా, అంతే సంగతి. అదే అర్థమున్న 'స్కిన్ ఆఫ్ మై టీత్' మాత్రం నిజంగా తెలుసు. బైబిల్లో, యోబు కష్టాల కథలో ఉంది. నోట్‌బుక్కులో మిగతా ముప్పై ఆరు కథలూ నేనే అల్లాను."

"గీ ముక్క దీపకు మీరే జెప్పున్రి."

మొగిలయ్య రెండో చేత్తో ఫోన్ కలిపి అతని చెవికి ఆనించాడు. ముప్పై ఆరింటినీ హృషికేశ్ ఒక్కొక్కటిగా ఒప్పుకున్నాడు. కత్తి కదల్లేదు.

ఫోన్ పెట్టేశాక మొగిలయ్య సొరుగులోంచి కొత్త బ్లేడు తీసి, రెండుగా విరిచి, అప్పటిదాకా ఖాళీగా ఉన్న కత్తిలో పెట్టాడు.