పురుషోత్తం సెలెక్షన్

దొంగతనం ఎవరైనా చేస్తారు. సెలెక్షన్ అందరికీ రాదని పురుషోత్తం నమ్మకం.

నేరేడ్‌మెట్, తిరుమలగిరి అపార్ట్‌మెంట్లలో ప్రతి గుమ్మం ముందూ ఒక బూట్ల స్టాండు ఉంటుంది. ఇంట్లోకి చెప్పులు రానివ్వకపోవడం మన ఆచారం. ఆ ఆచారం మీదే పురుషోత్తం సంసారం నడుస్తోంది. వీపుకు డెలివరీ బ్యాగు తగిలించుకుని లిఫ్టెక్కితే వాచ్‌మన్ తల కూడా ఎత్తడు. పైకెళ్లాక మాత్రం తొందరపడడు. బూటు తిరగేసి మడమ చూస్తాడు. ఒకవైపే అరిగితే వద్దు. ముందుభాగం వంచినప్పుడు మడతలో పగుళ్లు కనిపిస్తే వద్దు. తెల్ల సోలు పసుపెక్కిందంటే లోపల జిగురు చచ్చినట్టే. కంపెనీ గుర్తు కుట్టు వంకరగా ఉంటే అది నకిలీ; అప్పుడతనికి నిజంగానే కోపం వస్తుంది, ఇంత పెద్ద ఫ్లాటు కొనుక్కుని కాళ్లకు నకిలీవా అని. చివరికి ముక్కు దగ్గర పెట్టుకుని లోపలి వాసన చూసి, మనసొప్పితేనే బ్యాగులో వేస్తాడు.

వాటిని కడిగి, పాలిష్ కొట్టి, కొత్త లేసులు ఎక్కించి, సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరి సందులో తన సెకండ్‌హ్యాండ్ దుకాణంలో అమ్ముతాడు.

"మొహం చూసి మోసపోయినోళ్లు మస్తుమంది ఉన్నరు. నేను బూట్లు చూసిన్నంటే మనిషి జాతకం చెప్త," అంటాడు గిరాకీలతో. పోలీసులనైతే సందు మొదట్లోనే పసిగడతాడట. మఫ్టీలో వచ్చినా కాళ్లకు ఆ ఎర్ర బూట్లే వేసుకొస్తారు పాపం, అని జాలిపడతాడు కూడా.

ఆ పొద్దున ఎదురుగా చాయ్ బండి దగ్గర సరిగ్గా అలాంటి బూట్లే కనిపించాయి. ముదురు ఎరుపు, నున్నటి పాలిష్. పైన గళ్ల చొక్కా, కురచ క్రాపు. ఆ మనిషి చాయ్ మీద చాయ్ తాగుతూ దుకాణం వైపే చూస్తున్నాడు. నిన్నటి సరుకు ఇంకా గోనెసంచీలోనే ఉంది. బల్ల కింద పురుషోత్తం కాలికి తగులుతోంది. అది దొరికితే దుకాణానికీ తాళమే, తనకూ తాళమే.

"స్వామి శరణం."

పురుషోత్తం ఉలిక్కిపడ్డాడు. ఎదురుగా నల్ల లుంగీ, మెడలో మాల, నుదుట గంధం. అలవాటుకొద్దీ కాళ్లు చూశాడు. చెప్పుల్లేవు. అయ్యప్ప దీక్ష. చదవడానికి ఏమీ లేని మనిషి. పిక్కలు ఎండకు నల్లబడ్డాయి గానీ పాదాలు మాత్రం సాక్సుల్లో పెరిగినట్టు తెల్లగా ఉన్నాయి. పాదాలకు సెకండ్‌హ్యాండ్ రేటు ఉండదు కాబట్టి పురుషోత్తం వాటి గురించి ఆలోచించలేదు.

"మాల తీసినంక ఏస్కునేతందుకు తొమ్మిది నంబర్‌ల ఒక జత కావాలె స్వామీ," అన్నాడాయన. తోలు ముట్టకూడదేమో, చేతులు వెనక్కి కట్టుకుని అరలన్నీ తీరిగ్గా చూశాడు. "సరుకు మంచిగున్నది. యాడికెల్లి వస్తది?"

మాల వేసుకున్నవాళ్లతో అబద్ధమాడితే పాపమని పురుషోత్తంకు గట్టి నమ్మకం. దొంగతనానికి మాత్రం ఆ నమ్మకం ఏనాడూ అడ్డు రాలేదు.

"గదంత తర్వాత చెప్త గని, జెర నా పరేషాన్ సూడుండ్రి స్వామీ. గా ఎర్ర బూట్లాయన పోలీసోడు. ఈ సంచి మా ఇంట్ల ఇచ్చిపోండ్రి. బోయిగూడలనే, పోచమ్మ గుడి ఎన్క, నీలం గేటు. మిమ్మల్ని ఎవ్వరు ఆపరు."

"ఏమున్నది ఇందుల?"

పురుషోత్తం బల్ల మీదికి వంగి గొంతు తగ్గించాడు. "బూట్లు. అపార్ట్‌మెంట్లల్ల... అడగకుండ తెచ్చినయి. మీతోని అబద్ధం ఆడలేను స్వామీ. ఇంట్ల ఇంకో రెండు సంచులున్నయి, వాటి పక్కకు పెట్టుమని చెప్పుండ్రి."

"తోలు తగుల్తే దోషం గద?"

"సంచి మందంగున్నది, తగలది. మా ఆమె భిక్ష సుత పెడ్తది."

స్వామి కాసేపు కళ్లు మూసుకున్నాడు. "అయ్యప్పే పంపిండనుకుంట," అని సంచీ భుజానికెత్తుకున్నాడు. చాయ్ బండిని రాసుకుంటూ వెళ్లినా ఎర్ర బూట్లవాడు పట్టించుకోలేదు. తన తెలివికి పురుషోత్తం తానే మురిసిపోయాడు.

ఆ మురిపెం తీరకముందే ఎర్ర బూట్లు రోడ్డు దాటి వచ్చాయి.

"సార్, మన దగ్గర అంత బిల్లుల మీదనే..." అని షురూ చేశాడు పురుషోత్తం.

"సారెవడే?" ఆ మనిషి ఒక బూటు విప్పి బల్ల మీద పెట్టాడు. సోలు నోరు తెరుచుకుని ఉంది. "పోయిన నెల నీ దగ్గరనే కొంటి గద! రిటైరైన పోలీసాయనవి, జిందగీ మొత్తం నడుస్తయంటివి. గిరాకీ లేనప్పుడు అడుగుదామని పొద్దుగాల సంది నిలబడ్డ. అందరి ముంగట నీ ఇజ్జత్ ఎందుకు తియ్యాలె?"

పురుషోత్తంకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అతనికి ఇంకో జత ఊరికే ఇచ్చి, పైగా దండం పెట్టి పంపించాడు. షట్టర్ దించి ఇంటిదారి పట్టాడు.

నీలం గేటు తీసే ఉంది. గుమ్మం ముందు రెండు జతల ఎర్ర బూట్లు. వంగి చూశాడు. మడమ సమంగా అరిగింది, కుట్టు చెక్కుచెదరలేదు. ఇవి తను అమ్మినవి కావు.

లోపల భార్య కల్పలత గోడకు అతుక్కుపోయి ఉంది. గోనెసంచులన్నీ విప్పి ఉన్నాయి. ఇద్దరు ఖాకీ మనుషులు నేలమీద బూట్లు జతలుజతలుగా పేరుస్తున్నారు. వాళ్ల మధ్య పీట మీద, కల్పలత పసుపునీళ్లతో కడిగిన పాదాలతో స్వామి కూర్చుని ఉన్నాడు.

పురుషోత్తం గుండె తరుక్కుపోయింది. "అయ్యో స్వామీ, నా మూలంగ మీరు సుత ఇరుక్కున్నరు గద!"

స్వామి నెమ్మదిగా లేచి, లుంగీ సర్దుకుని, అతని మణికట్టు పట్టుకున్నాడు.

"మాల తీసేదాంక బూట్లు లేకుండనే డ్యూటీ చేస్తనంటే మా సీఐ సార్ ఒకటే తిట్టుడు స్వామీ, మీరే వచ్చి ఆయనకు జెర సమజయ్యెటట్టు చెప్పుండ్రి."