గురువారం చెర్రీ రసం

చెర్రీ రసం దొంగిలించడానికి వీబెకె గురువారాన్నే ఎంచుకుంది. ఆ రోజు యంత్రం అద్దాలు తుడిచే పని ఆమెదే.

ఫ్యూన్ దీవిలోని ఆ పళ్లరసాల ఫ్యాక్టరీలో, మూడు వందల లీటర్ల తొట్టి నుంచి వచ్చే గొట్టానికి చిక్కదనం కొలిచే యంత్రం బిగించి ఉంది. ఒక పక్క దీపం, ఎదురుగా ఆ వెలుతురును కొలిచే కన్ను, రెండిటి ముందూ అద్దాలు. రసం ఎంత చిక్కగా ఉంటే వెలుతురు అంత తక్కువ దాటుతుంది, తెర మీద అంకె అంత పెరుగుతుంది. అరవై రెండు ఉండాలి. అరవై కిందికి జారిందా, ఎర్రదీపం వెలిగి గొట్టం మూసుకుపోతుంది.

తుడిచేటప్పుడు గోల చెయ్యకుండా దానికొక 'హోల్డ్' బటన్ ఉంది. నొక్కితే తెర మీది అంకె అలాగే నిలిచిపోతుంది. వీబెకె అది నొక్కి, తొట్టిలోంచి ఇరవై లీటర్లు డబ్బాలోకి వంచుకుని, దాని బదులు అన్నే లీటర్ల నీళ్లు పోసేది. తొట్టి ఖాళీ అయ్యేదాకా అద్దాలు తుడుస్తూనే ఉండేది.

ఆ రసంతో ఆమె చేసే వైన్ అంటే చర్చి గానబృందానికి ప్రాణం. రెండో గ్లాసు అడిగి పోయించుకుంటారు. భర్త పోయాక ఆమెను ఎవరైనా ఏదైనా అడిగేది అక్కడే.

ఆరేళ్లు సాఫీగా గడిచాయి. మూడు నెలల్లో పెన్షన్ అనగా, ఒక శుక్రవారం ఫోర్‌మన్ ప్రేబెన్ పిలిచాడు. చేతి తొడుగు పోయినా సంజాయిషీ రాయించుకునే మనిషి. అతని బల్ల మీద పొడుగాటి కాగితం. దాని మీద నున్నటి గీత, మధ్యలో ఒక గుంట.

"కూర్చో. కాఫీ పోసుకో. ఇది నిన్నటిది. హోల్డ్ నొక్కితే తెర ఆగుతుంది గానీ, లోపల కొలత ఆగదు తల్లీ. అంతా రాసుకుంటూనే ఉంటుంది. యాభై ఎనిమిదికి పడింది."

"అద్దానికి మురికి పట్టి ఉంటుంది."

"నలభై నిమిషాలు తుడిచావుగా. చర్చి కిటికీలన్నిటికీ అంతసేపు పట్టదు."

వీబెకె కప్పు కింద పెట్టింది.

"ఎన్నాళ్లుగా తెలుసు?"

"మొదటి గురువారం నుంచీ. ప్రతి శుక్రవారం పొద్దున్నే నా పాస్‌వర్డ్ కొట్టి, ఆ గుంటని చెరిపేస్తూ వచ్చాను. వచ్చే వారం యంత్రం మారుస్తున్నారు. కొత్తదాంట్లో చెరపడం ఎవరి తరమూ కాదట. అందుకే చెబుతున్నా, ఇంక మానెయ్."

ఆమె కళ్లు చెమర్చాయి. ఈ మనిషి ఎదురైతే ఆరేళ్లుగా తల తిప్పుకుని పోతోంది తను.

"నా కోసం ఇంత పని ఎందుకు చేశావు ప్రేబెన్?"

అతను కాఫీలోకి చూస్తూ మెల్లగా అన్నాడు.

"మిగతా నాలుగు రోజుల గుంటలూ నావే కదా, వాటిని చెరుపుకుంటూ నీ ఒక్క గురువారాన్నే వదిలేస్తే ఏం బాగుంటుంది?"