సముద్రం వైపు టేబుల్

“ఏడేళ్ళు ఆపేసిందా?” అన్నాడు మహీధర్, తిండి దుకాణాల హాకర్ సెంటర్‌లో సముద్రం కనబడే టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, అక్కడి అలవాటు ప్రకారం చోటు ‘చోప్’ చేసి ఆపుకుంటూ. ప్రతి ఆదివారం అతనికి ఆ చోటే కావాలి.

“అవును డాడీ, గ్రీకు కథ,” అంది కూతురు అక్షర, స్కూల్ ప్రాజెక్టు తిరగేస్తూ. “సముద్రకన్య ఆ నావికుణ్ణి తన దీవిలో ఉంచేసుకుంది. అతను రోజూ ఒడ్డున కూర్చుని, ఇల్లు తలుచుకుని ఏడ్చేవాడు.”

“అచ్చం నా కథే! మీ అమ్మ ఉద్యోగం కోసం వచ్చి ఈ దీవిలో పడ్డాను. లేకపోతే కాకినాడలో హాయిగా ఉండేవాణ్ణి.”

భువన కాఫీ కప్పు కింద పెట్టింది. “మా ఆఫీసు ఒప్పుకుంది. ఇక కాకినాడ నుంచే పని చేసుకోవచ్చు. వచ్చే నెల వెళ్ళిపోదాం.”

మహీధర్ అనుమానంగా చూశాడు. “ఉన్నట్టుండి ఇదేంటి? ఏదో ప్లాన్ వేశావ్.”

“సేమ్ సేమ్ లా, డాడీ!” అక్షర నవ్వింది. “పొమ్మంటే ఆ నావికుడూ నమ్మలేదు. ముందు ఒట్టు పెట్టమన్నాడు.”

“ఒట్టు. టికెట్లు బుక్ చేసేయనా?” అంది భువన.

“అంత తొందరేంటి! దీని చదువో? ఆ ఎండలు, ఆ కరెంటు కోతలు మనం తట్టుకోగలమా? నాకోసం నువ్వేం ఇబ్బంది పడకు.”

“సరే, వద్దని చెప్పేస్తాను.”

అతని ముఖం తేటపడింది. అంతలో కాకినాడ నుంచి భువన అన్నయ్య ఫోన్ చేశాడు.

“రావాలనే ఉంది బావా,” సముద్రం వైపు చూస్తూ నిట్టూర్చాడు మహీధర్. “మీ చెల్లెలు కదలనిస్తేగా!”

లేచేటప్పుడు అతను టిష్యూ ప్యాకెట్ జేబులో వేసుకోబోతే భువన ఆపింది.

“ఉండనివ్వండి. వచ్చే ఆదివారం ఏడవడానికి చోటు దొరకాలిగా.”