డాబా మీద వాలే పక్షి

సముద్రపక్షుల పొట్టలో పురుగులున్నాయేమో వెతకడం కూతురి ఉద్యోగం.

"డాక్టరు చదువు చదివి రెట్టలు చూస్తావా? చుట్టాల్లో తలెత్తుకోలేకపోతున్నా!" అని రోజూ దెప్పే తల్లి, ఆ రోజు తనంతట తానే ల్యాబుకి వచ్చి, చిన్న డబ్బా ఒకటి బల్లమీద పెట్టింది.

"మన డాబా మీద వాలే పక్షిదేనే. పాపం, రెండు నెలలుగా ఏం తిన్నా ఒంటికి పట్టడం లేదు. కాస్త చూడు."

కూతురు మైక్రోస్కోపులో చూసింది. బద్దెపురుగు గుడ్లు కుప్పలుతెప్పలుగా ఉన్నాయి.

"సరిగ్గా ఉడకని చేపల్లోంచి..." అనబోయి ఆగింది. పక్షులు వండుకోవు కదా!

"భయం లేదమ్మా, ఒక్క మాత్రతో పోతుంది. కానీ బరువును బట్టి ఇవ్వాలి. పక్షి ఎంతుంటుంది?"

తల్లి కిటికీ వైపు తిరిగి గొంతు తగ్గించింది.

"నిన్నే తూచుకున్నాను. యాభై ఎనిమిది కిలోలు."