రెండు తలుపుల కారు

ముసలాయన ఒంగి, కారు కిందికి తొంగి చూసి, "ఇక్కడ కూడా కారుతోంది," అన్నాడు.

రుస్లాన్‌కి ఒళ్ళు మండింది.

ఎనిమిది నెలలుగా ఆ కారు మీద కన్నేసి ఉన్నాడు తను. రోజూ స్కూలు వ్యాన్లో పద్దెనిమిది మంది పిల్లల గోల మోసుకుంటూ ఇపో ఊళ్ళోకి పోతూ, తాన్ అనే వ్యాపారి పాత కార్ల షెడ్డు ముందు వ్యాను కాస్త నెమ్మది చేసేవాడు. ముదురాకుపచ్చ కారు. జర్మనీది. దాని వయసు ఇరవై ఒకటి. తలుపులు రెండే. వెనక సీట్లో సంచీ పడుతుంది గానీ మనిషి పట్టడు.

"నేనూ, అమ్మా, ముగ్గురు పిల్లలూ ఎక్కడ కూర్చోవాలి బాంగ్?" అని అడిగింది అతని భార్య మజ్నీ. మొగుణ్ణి ఆవిడ పిలిచే పిలుపది.

"అందుకే కొంటున్నా," అన్నాడు రుస్లాన్.

మూడు రోజులు మాటల్లేవు. నాలుగో రోజు మజ్నీయే దిగొచ్చింది. "ముప్పై వేల రింగిట్లు. కొనుక్కుంటారో, బాగు చేయించుకుంటారో, అంతా అందులోనే. ఆపైన ఒక్క సెన్ అడిగారంటే మీ మకాం ఇక వ్యాన్లోనే."

ముప్పై వేలూ తొమ్మిదేళ్ళుగా కూడబెట్టినవి. బోర్డు మీద ధర ఇరవై తొమ్మిది. బేరమాడి ఇరవైకి దించాలి. మిగతా పదీ మరమ్మతులకి దాచాలి. లేకపోతే అంత పాత కారు వాకిట్లో బొమ్మలా పడుంటుందని అతనికీ తెలుసు.

తీరా ఇవాళ వచ్చేసరికి ఈ ముసలాయన. బనీను, నిక్కరు, రబ్బరు చెప్పులు. కారు చుట్టూ తిరుగుతూ వేళ్ళు మడుస్తున్నాడు.

"ఒకటి, ఆయిలు కారుతుంది. రెండు, ఎడమ కిటికీ అద్దం దిగుతుంది, ఎక్కదు. విను బాబూ, మొత్తం ఎనిమిదున్నాయి."

"మీకెందుకు అంకుల్ ఇవన్నీ?"

"మూడు. వాన పడితే డిక్కీలో చేపలు పెంచుకోవచ్చు."

రుస్లాన్ తాన్‌ని పక్కకి లాగాడు. "ఎవరు బాస్ ఈయన?"

తాన్ నసిగాడు. "ఈ కారు కోసమే. ప్రతి శనివారం వస్తాడు."

"మరి ఇన్ని వంకలెందుకు?"

"పెద్దాయన. చెప్పేది కాస్త వినండి బాస్. మీకు పోయేదేముంది?"

రుస్లాన్‌కి విషయం అర్థమైపోయింది. దురియన్ పళ్ళ బండి దగ్గర తనూ అంతే కదా. నోట్లో నీళ్ళూరుతున్నా మొహం చిట్లించి, పురుగుందనీ పచ్చిదనీ పేర్లు పెడితే గానీ బండివాడు దిగిరాడు. ఈయనా అదే బాపతు. శనివారం శనివారం వచ్చి, గిరాకీలని బెదరగొట్టి, ధర పడిపోగానే కారు తన్నుకుపోదామని ఎత్తు.

"నాలుగు. ఏసీ చలికాలంలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది."

"మన దేశంలో చలికాలమెక్కడుంది అంకుల్?"

"నేను చెప్పేదీ అదే."

ఐదోది బ్రేకులు. ఆరోది హారను, కుడివైపు తిప్పితే దానంతటదే మోగుతుందిట.

"ఏడు. పొద్దున్నే రెండో గేరు పడదు. కసిరితే అసలు పడదు. బతిమాలాలి." ముసలాయన కారు పైకప్పు మీద మెల్లగా నిమిరాడు.

అబ్బ, ఏం నటన అనుకున్నాడు రుస్లాన్.

"అంకుల్, మీ మంచికే చెబుతున్నా. ఇది మీ వయసుకి తగింది కాదు. ఇంత కిందికి కూర్చుంటే మళ్ళీ లేవలేరు."

ముసలాయన మొహం చిన్నబోయింది. "అది మాత్రం నిజమే బాబూ," అన్నాడు.

అప్పుడే చినుకులు మొదలయ్యాయి. రోడ్డు మీద టౌను బస్సు వచ్చి ఆగింది. ఇంతకన్నా మంచి అదను దొరకదు. రుస్లాన్ ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు.

"రండి, తడిసిపోతారు."

"ఎనిమిదోది అన్నిటికన్నా ముఖ్యం. అది విన్నాక..."

"పై శనివారం వింటాను. ముందు ఎక్కండి."

డ్రైవరుకి టిక్కెట్టు డబ్బులు కూడా తనే ఇచ్చి, బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, పరుగున షెడ్డులోకొచ్చాడు.

"బేరం లేదు బాస్. ఇరవై తొమ్మిదీ ఇప్పుడే కట్టేస్తా. ఆయన మళ్ళీ వచ్చేలోపు కాయితాలు రాసెయ్యండి."

"కాస్త ఆలోచించుకోండి."

"ఇద్దరు గిరాకీలుంటే ధర పెంచుదామనా? ఆ ఎత్తులు నా దగ్గర సాగవు."

తాన్ నిట్టూర్చి రసీదు రాశాడు. రుస్లాన్ ఫోన్లోంచి డబ్బు వెళ్ళిపోయింది. గెలిచిన వాడిలా కుర్చీలో వెనక్కి వాలి, "ఇంతకీ కారు అమ్మకానికి పెట్టిన ఓనరు సంతకం ఎప్పుడు?" అన్నాడు.

"సోమవారం పిలిపిస్తాను. డబ్బు ముట్టేదాకా ఓనరు నన్ను నోరు విప్పొద్దన్నాడు బాస్. ఇప్పుడు చెప్పొచ్చు. కారు రోగాలన్నీ చివరిదాకా విని, అయినా ఇదే కావాలన్నవాడికి పన్నెండు వేలకే ఇవ్వమన్నాడు. నాలుగు పెట్టెల స్పేర్ పార్టులు ఊరికే. ఓపికున్నన్నాళ్ళూ రిపేర్లు తనే చేసిపెడతానన్నాడు. వినే ఓపిక లేనివాడికి మాత్రం బోర్డు ధర, దమ్మిడీ తగ్గించొద్దన్నాడు."

మరమ్మతులకంటూ మిగిలింది వెయ్యి. రుస్లాన్‌కి మజ్నీ మొహం కళ్ళ ముందు కదిలింది.

"ఈ ముక్క ముందే చెప్పొద్దా బాస్? ఎన్నుంటే అన్నీ కూర్చుని వినేవాణ్ణి. ఓనరు వచ్చి చెప్పుకోవాలి కదా, అసలు వస్తే కదా వినేది."

"వచ్చాడు బాస్," అన్నాడు తాన్. "ఏడు చెప్పాడు, ఎనిమిదోది చెప్పబోతుండగానే మీరే టిక్కెట్టు కొని మరీ బస్సెక్కించారు."