ఈకల పెట్టె

పెట్టెకు ఇరవై నాలుగు అరలు. అర అరకు ఐదు గాలాలు. ఒక్కటి అర తప్పినా వెంకటనర్సు వీపు మోగుతుంది.

అవి మామూలు గాలాలు కావు. ఈకలు, పట్టుదారం చుట్టి అచ్చం ఈగల్లా చేసినవి. పెట్టె మూత తీస్తే నిజం ఈగలు వచ్చి చుట్టరికం కలిపేవంటే నమ్మండి. నిజాం కొలువులో ఉన్న ఒక అంగ్రేజు సాయబు మా ఊరి దొరకు కానుకగా ఇచ్చాడు.

దొరకు చూపు పోయి ఐదేళ్లు. అందుకని వేళ్లతో తడిమే గాలం ఏరుకుంటాడు. పై వరుస నెమలీకవి. రెండోది కోడిపుంజు మెడ ఈకవి. మూడోది కొంగ ఈకవి. అడుగున ఉడుత తోక వెంట్రుకలవి. కోడి అరలో కొంగ దొరికిందో, ఆ పూట వెంకటనర్సుకు అన్నం లేదు.

అతను నారాయణపేట సాలె. చీరల మూట నెత్తిన పెట్టుకొని నాలుగు దినాలు నడిచి దొర ఉండే గడీకి వచ్చాడు. దొరసాని చీర ఉంచుకుంది. దొర మనిషినే ఉంచుకున్నాడు.

"పట్టుదారం ముడేసే చెయ్యి నీది. నా ఈగల్ని సూసుకో. నాకు చేప పడ్డనాడు నీ ఇంటికి నువ్వు పో" అన్నాడు.

ఆరు నెలలైంది. రాత్రి అతను పడుకునే అర్రకు బయట గొళ్లెం. భార్య రాజమణికి కొడుకు పుట్టాడని ఒక కబురొచ్చింది. బోర్లపడుతున్నాడని మొన్న ఇంకొకటి వచ్చింది.

మొదట్లో అతను తనకొచ్చిన విద్యే చూపించాడు. మగ్గం మీది పడుగుకు పెట్టినట్టు ఈకలకు గంజి పెట్టాడు, బిర్రుగా నిలుస్తాయని. బొద్దింకలు మూడు అరలు విందు చేసుకున్నాయి. అప్పటి నుంచి అర అరకూ ఎండిన వేపాకు పరుస్తున్నాడు.

"ఏం నర్సన్నా, కొడుకు పెండ్లికన్న పోతవా?" అని ఆటపట్టించాడు కావలి మారయ్య.

"అంగట్ల ఒక చేప కొని గాలానికి తగిలిద్దామా?"

"సచ్చిన చేపను దొర ముక్కు పసిగట్టదా? దొరకు గిట్టని నిజం ఒక్కటి అన్నందుకే మేనా మోసే బుచ్చయ్య కొరడా దెబ్బలు తిని నెల దినాలు బోర్ల పండుకున్నడు. యాదికుంచుకో."

ఆ పొద్దు కూడా దొర మేనా చెరువుకు కదిలింది. వెనక పెట్టె మోస్తూ వెంకటనర్సు, కొరడాతో మారయ్య, నెత్తిన నీళ్లకుండతో గడీ పనిమనిషి బిక్షమ్మ.

చెరువు కట్ట మీద దొర పెట్టె ముందేసుకొని అరలన్నీ తడిమాడు. ఏదీ తప్పలేదు.

"నీళ్లు ఎందాక ఉన్నయిరా?"

"నిండి మత్తడి దుంకేదాక ఉన్నయి దొరా" అన్నాడు మారయ్య.

దొర కోడి ఈక గాలం ఒకటి తీసి విసిరాడు. బుడుంగుమంది. ఆ చప్పుడుకు దొర మొహం చంటిపిల్లాడి మొహంలా విచ్చుకుంది.

పొద్దు నెత్తి మీదికొచ్చింది. చేప పడలేదు.

"ఏందిరా నర్సూ, ఒక్క పరక చేపన్న పడదా?"

వెంకటనర్సు కళ్ల ముందు బోర్లపడ్డ కొడుకు కదిలాడు. నోరు ఆగలేదు.

"ఈ చెరువుల చేప పడదు దొరా."

మారయ్య కొరడా సవరించుకున్నాడు. బిక్షమ్మ వద్దు వద్దని తల ఊపింది.

"ఎందుకు పడదు?" దొర గొంతు చల్లగా ఉంది.

వెంకటనర్సు కట్ట కింది వైపు చూశాడు. మారయ్య వైపు చూశాడు.

"నా ముడి వదులైంది దొరా. రేపటికి బిర్రుగ కడత."

"గట్ల చెప్పు మరి!" దొర నవ్వి, మళ్లీ గాలం విసిరాడు.

మూడేళ్లుగా చుక్క నీరు లేక నెర్రెలు బారిన ఆ చెరువు ముందు కూర్చొని, బిక్షమ్మ గబుక్కున కుండలో చెయ్యి ముంచి బుడుంగుమనిపించింది.